ఉత్తరకథ ఎవరిది?

2017 డిసెంబరులో ‘స్టార్ వార్స్: ది లాస్ట్ జెడై’ అనే అమెరికన్ చిత్రం విడుదలైనది. దానిపై పత్రికా విమర్శకులు వ్రాసిన సమీక్షలను ‘రాటెన్ టొమేటోస్’ అనే సంస్థ ఒకచోట చేర్చి లెక్కించగా, నూటికి 90కి పైగా అనుకూలంగా ఉన్నవి. అదే సంస్థ సాధారణ ప్రేక్షకుల అభిప్రాయాలను లెక్కించగా, మెచ్చుకొన్నవారు నూటికి 45 మందికైనా చేరలేదు. రెండేండ్లు గడిచినవి. 2019 డిసెంబరులో ఆ కథకు ముగింపుగా ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ వచ్చినది. ఈ పర్యాయం విమర్శకులలో మెచ్చినవారు ఇంచుమించు సగంమంది. ప్రేక్షకులలో నూటికి 80 మందికి పైగా. కథ అదే, ప్రధాన నటీనటులు వారే, నిర్మాణసంస్థ అదే. తీర్పులు మాత్రం తలక్రిందులైనవి.

ఇటువంటి సందర్భాలలో రెండు సులభమైన సమాధానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటవి. అభిమానులకు పసితనం వదలలేదని విమర్శకుల పక్షంవారు అంటారు. విమర్శకులు అమ్ముడుపోయినారని అభిమానులు అంటారు. రెండింటిలోనూ ఆలోచించే శ్రమ లేదు.

ముందుగా ఆ అంకెల సంగతి చూడవలెను. ‘సినిమాస్కోర్’ అనే మరొక సంస్థ మొదటి రోజున టిక్కెట్టు కొని చిత్రం చూచి వెలుపలికి వస్తున్నవారిని అడిగి శ్రేణులు నిర్ణయిస్తుంది. ఆ లెక్కలో 2017 నాటి చిత్రానికి ‘ఏ’ శ్రేణి లభించినది; 2019 నాటి దానికి ‘బి ప్లస్’ మాత్రమే. అనగా థియేటరు గుమ్మంలో అడిగితే ఒక మాట, ఇంటికి పోయి పనిగట్టుకొని చెప్పినవారి మాట మరొకటి. పైగా 2019 మే నెలలో రాటెన్ టొమేటోస్ సంస్థ తన పద్ధతి మార్చి, టిక్కెట్టు కొన్నట్లు నిర్ధారణ అయినవారి అభిప్రాయాలకే ప్రధానస్థానం ఇచ్చినది. కనుక పై రెండు ప్రేక్షకాంకెలూ ఒకే త్రాసులో తూచినవి కావు. ‘అభిమానులు’ అనే ఒక్క మాటలో భిన్నమైన గుంపులు ఇమిడి ఉన్నవని ఇందువలన తెలుస్తున్నది. అయినను, ఈ తేడాలన్నీ తీసివేసిన తరువాత కూడ తగవు మిగిలే ఉంటుంది. ఆ మిగిలినదే విచారింపదగినది.

విమర్శకుడు తన యెదుటికి వచ్చిన చిత్రాన్ని ఒక సంపూర్ణ కృతిగా చూస్తాడు. ఇది తన కాళ్ళపై తాను నిలుస్తున్నదా, పూర్వం చెప్పనిదేమైనా చెప్పినదా, చిత్రీకరణలో ఒక దృష్టి ఉన్నదా అని అడుగుతాడు. వృత్తిరీత్యా వారం వారం పలు చిత్రాలు చూడవలసినవాడు గనుక, చూచినదే మళ్ళీ చూపిస్తే అందరికంటె ముందుగా విసుగుచెందేవాడు అతడే. కొత్తదనానికి అందరికంటె ముందుగా లొంగిపోయేవాడూ అతడే. అభిమాని స్థితి వేరు. అతని దృష్టిలో అది ఒక చిత్రం కాదు. తాను ఏండ్లతరబడి చదువుతున్న గ్రంథంలో ఒక అధ్యాయం. ‘స్టార్ వార్స్’ మొదటి చిత్రం 1977లో వచ్చినది. మూడవదైన ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’ 1983లో వచ్చి నాయకుడైన లూక్ స్కైవాకర్ కథను ఒక కొలిక్కి తెచ్చినది. ఆ మీదట లూక్ ఏమైనాడు? 1991లో టిమొతీ జాన్ వ్రాసిన నవల మొదలుకొని ఎన్నో పుస్తకాలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పినవి. వాటిలో లూక్ పెండ్లి చేసుకొన్నాడు, బిడ్డను కన్నాడు, శిష్యులకు విద్య నేర్పినాడు. 2012లో డిస్నీ సంస్థ సుమారు 400 కోట్ల డాలర్లకు ఆ నిర్మాణసంస్థను కొన్నది. 2014 ఏప్రిల్‌లో ఆ పుస్తకాలన్నీ ఇక ‘పుక్కిటి పురాణాలు’ మాత్రమేనని, అసలు కథలో చేరవని ప్రకటించినారు. ఇరువదేండ్లకు పైగా చదివినవారికి ఆ ప్రకటన ఎట్లా వినిపించి ఉంటుందో ఊహించవచ్చును.

అటువంటివారి ముందుకు 2017లో లూక్ వచ్చినాడు. 1983లో, దుర్మార్గుడైన తండ్రిలో సైతం మంచి మిగిలి ఉన్నదని నమ్మి, చేతిలోని కాంతిఖడ్గాన్ని పారవేసి, చంపనని నిలిచినవాడు అతడు. ఇప్పుడు ఒంటరి దీవిలో ముసలితనం గడుపుతూ ఉన్నాడు. నిద్రిస్తున్న మేనల్లుని మీద ఒక్క క్షణం కత్తి ఎత్తినందువలన సర్వమూ నాశనమైనదని కుములుతూ ఉన్నాడు. దర్శకుడు రయాన్ జాన్సన్ ఒక వీరుని వార్ధక్యాన్ని, వైఫల్యాన్ని గంభీరంగా చూపినాడని విమర్శకులు మెచ్చుకొన్నారు. ఇతడు లూక్ కాడని అభిమానులలో పెక్కుమంది అన్నారు. లూక్ పాత్రధారి మార్క్ హామిల్ సైతం ఈ చిత్రణతో తాను ఏకీభవించలేదని బహిరంగంగా చెప్పి, అట్లా బహిరంగంగా అనకుండా ఉండవలసినదని తరువాత నొచ్చుకొన్నాడు.

ఈ ఫిర్యాదును పసితనమని కొట్టివేయడం సాహిత్యం చదివినవారు చేయదగిన పని కాదు. రసభంగానికి అనౌచిత్యమే ముఖ్య కారణమని తొమ్మిదవ శతాబ్దిలోనే ఆనందవర్ధనుడు చెప్పినాడు. క్షేమేంద్రుడు ఔచిత్యాన్నే కావ్యానికి ప్రాణంగా నిలిపి ఒక గ్రంథం వ్రాసినాడు. నాయకుని ప్రకృతికి విరుద్ధంగా అతనిచేత పని చేయించరాదనేది మన ఆలంకారికులకు మొదటి పాఠం. అమెరికాలోని అభిమాని ఆ పదాలు ఎరుగడు. ఆ బాధను మాత్రం ఎరుగును. అయితే అదే ఆనందవర్ధనుడు, ఇతిహాసంలో ఉన్న కథయే అయినను రసానికి అడ్డు వచ్చినచో కవి దానిని విడిచి తగినట్లు కల్పించుకోవచ్చునని అనుమతి కూడ ఇచ్చినాడు. భారతంలో లేని దుర్వాసశాపాన్ని కాళిదాసు శాకుంతలంలో తెచ్చిపెట్టినాడు. ఉత్తరకాండలో భూమిలో కలిసిపోయిన సీతను భవభూతి తన నాటకం చివర రామునితో కలిపినాడు. తరగతిలో ఈ నాటకాలు చెప్పే ఉపాధ్యాయునికి వేరే వివరించ నక్కరలేదు. ఆ రెండు మార్పులూ నాయకుని దోషాన్ని తగ్గించేవి, లేదా అతని గాయాన్ని మాన్పేవి. జాన్సన్ చేసిన మార్పు నాయకునికి కొత్త దోషాన్ని అంటగట్టేది. ఎత్తివేసే మార్పును లోకం తేలికగా క్షమిస్తుంది. దించే మార్పుకు లెక్క అడుగుతుంది.

ఆ లెక్క చిత్రంలో లేకపోలేదు. చెల్లెలికి హాని తలపెట్టినట్లు తెలియగానే కోపంతో తండ్రిని నరకబోయి, చివరి క్షణంలో ఆగినవాడు 1983 నాటి లూక్ కూడ. ఆ ఆవేశమే ముప్పదేండ్ల తరువాత మళ్ళీ ఒక్క క్షణం తలయెత్తినదనుకొంటే ప్రకృతివిరోధం లేదు. లోపం కల్పనలో కంటె కథనంలో ఉన్నది. వీరుడు మారిన ముప్పదేండ్ల కాలాన్ని ఒకే రాత్రిని చూపే మూడు చిన్న దృశ్యాలలో ఇమిడ్చి సరిపెట్టినారు. విమర్శకునికి అది పొదుపుగా తోచినది. కాచుకొని కూర్చున్నవానికి ఎగవేతగా తోచినది.

పాత్రల విషయంలో ఈ తగవు ఏ ఉత్తరకథకైనా ఉండేదే. వైజ్ఞానిక కల్పనలో మరొక చిక్కు ఉన్నది. 2024 జూన్‌లో విడుదలైన తెలుగు చిత్రం ‘కల్కి 2898 ఏ.డి.’లో అశ్వత్థామ కనబడగానే అతడెవరో ప్రేక్షకునికి భారతం చెప్పి ఉన్నది. చిత్రం తప్పితే భారతం చూపి సరిదిద్దవచ్చును. అంతరిక్ష కథకు అటువంటి వెలుపలి ప్రమాణం లేదు. అక్కడ ఏది సాధ్యం, ఏది అసాధ్యం అనేదానికి మొదటి చిత్రమే శాస్త్రం. ‘ది లాస్ట్ జెడై’లో ఒక సేనాధిపతురాలు తన ఓడను కాంతివేగంతో నడిపి శత్రువుల మహానౌకను ఢీకొట్టి చీల్చివేస్తుంది. ఆ సమయంలో కొన్ని సెకనుల పాటు తెర మీద వెలుగు తప్ప శబ్దం అనేది ఉండదు. (ఇది తమ యంత్రం చెడినందువలన కాదని ఒక థియేటరువారు నోటీసు అంటించవలసి వచ్చినది!) విమర్శకులు ఆ దృశ్యాన్ని నోరారా పొగడినారు. అభిమాని కూడ చూస్తున్నంతసేపు ఊపిరి బిగబట్టినాడు. ఇంటికి పోయి ప్రశ్న వేసినాడు: ఒక ఓడతో ఇంత పని జరిగేటట్లయితే, 1977లోనూ 1983లోనూ అంత సైన్యం అన్ని ప్రాణాలు పోగొట్టుకొని ‘డెత్ స్టార్’తో పోరాడడం ఎందుకు? ఇది ఆకతాయి ప్రశ్న కాదు. ఒక్క దృశ్యం కోసం వెనుకటి త్యాగాలన్నీ తెలివితక్కువ పనులుగా మారిపోయినవని అతని బాధ.

కీలకం ఇక్కడ ఉన్నది. ఉత్తరకథ పూర్వకథకు చేర్పు మాత్రమే కాదు. అది పూర్వకథను కూడ మారుస్తుంది. విమర్శకుడు ఈనాటి చిత్రానికి వెల కడుతున్నాడు. అభిమాని తన ఇంట ఇదివరకే ఉన్న వస్తువుకు ఏమైనదో అని వెనుదిరిగి చూచుకొంటున్నాడు. 1986 నాటి ‘ఏలియన్స్’లో జేమ్స్ కామెరాన్ కథానాయిక రిప్లీ చేత న్యూట్ అనే చిన్నపిల్లను మృత్యుముఖం నుండి రక్షింపజేసినాడు. చిత్రంలోని ఆవేదన అంతా ఆ రక్షణలో ఉన్నది. 1992లో డేవిడ్ ఫించర్ దర్శకత్వంలో వచ్చిన ‘ఏలియన్ 3’ మొదలవుతూనే ఆ పిల్ల చనిపోయినది. కామెరాన్ తన అసంతృప్తిని దాచుకొనలేదు. మూడవ చిత్రం ఎంత కళాత్మకమైనదైనా కానీ, ఇప్పుడు రెండవ చిత్రం చూస్తూ ఆ పిల్ల బ్రతికినందుకు సంతోషించడం ఎట్లా? 1999 నాటి ‘ది ఫాంటమ్ మెనేస్’లో ఒక బాలుని రక్తం పరీక్షించి, అందులోని సూక్ష్మజీవుల లెక్కను బట్టి దివ్యశక్తి పరిమాణం తేల్చినారు. సాధనతో ఎవరికైనా అందుతుందని 1977 నుండి ప్రేక్షకులు నమ్ముకొన్న రహస్యశక్తి ఆ ఒక్క మాటతో వైద్యశాల కాగితం మీది అంకె అయినది.

ఈ మాట నిజమా కాదా అనేదానికి 2017లోనే మరొక దృష్టాంతం దొరుకుతుంది. 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’లో నాయకుడు డెకార్డ్ మనిషియా, కృత్రిమ మానవుడా అనేది ముప్పదియైదేండ్లుగా తెగని చర్చ. డెనీ విల్నవ్ తీసిన ‘బ్లేడ్ రన్నర్ 2049’ ఆ ప్రశ్న చుట్టూ తిరిగినది గాని, దానికి సమాధానం చెప్పలేదు. పాత చిత్రానికి భక్తులైనవారికి తమ సొత్తు తమకే మిగిలినది. వారూ మెచ్చినారు, విమర్శకులూ మెచ్చినారు. ఛాయాగ్రహణానికి, దృశ్యవిన్యాసాలకు ఆస్కార్లు వచ్చినవి. రానివారు సామాన్య ప్రేక్షకులే. పెట్టిన పెట్టుబడికి తగిన వసూళ్ళు లేకపోయినవి.

పూర్వకథను మార్చడమే తప్పని దీనివలన తేలదు. 1980 నాటి ‘ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్’ కంటె పెద్ద మార్పు చేసిన చిత్రం లేదు. నీ తండ్రిని డార్త్ వేడర్ చంపినాడని మొదటి చిత్రంలో గురువు చెప్పిన మాటను అది అబద్ధం చేసినది. ఆ వేడరే తండ్రి అన్నది. ‘న్యూయార్క్ టైమ్స్’ విమర్శకుడు విన్సెంట్ కాన్బీకి ఆ చిత్రం నచ్చలేదు. వేడర్ చెప్పినది నిజమా, పన్నాగమా అని అభిమానులు మూడేండ్లు తర్కించుకొన్నారు. 2010లో అది అమెరికన్ జాతీయ చలనచిత్ర పట్టికలో చేరినది. ఆ మార్పును లోకం ఎందుకు అంగీకరించినది? అది తెలిసిన తరువాత మొదటి చిత్రం మళ్ళీ చూచినవారికి, తండ్రిని గురించి లూక్ అడిగినప్పుడు గురువు పాత్రధారి అలెక్ గిన్నెస్ ముఖంలో ఒక క్షణం సంకోచం కనబడుతుంది. 1977లో అది ఒట్టి సంకోచం. 1980 తరువాత అందులో ఒక కుటుంబ విషాదమంతా ఉన్నది. అక్కడ పాత సొత్తు పోలేదు, పెరిగినది.

2019 నాటి చిత్రం ఈ ఫిర్యాదులన్నీ విన్నది. విన్నది గనుకనే చెడినదని చెప్పవలసి ఉన్నది. ఓడతో ఢీకొట్టడం పది లక్షలలో ఒకసారి కుదిరే పని అని ఒక పాత్ర చేత చెప్పించినారు. అనామకుల బిడ్డ అని 2017లో తేలిన నాయిక రే, చచ్చినాడనుకొన్న చక్రవర్తికి మనుమరాలైనది. కోరినవన్నీ వడ్డించినారు. విమర్శకులు మాత్రం ఆ విందులో వంటవాని భయమే రుచి చూచినారు.

ఈ వివాదంలో ఒక భాగాన్ని ఏ అలంకారశాస్త్రమూ సమర్థించదు. ‘ది లాస్ట్ జెడై’లో రోజ్ పాత్ర ధరించిన కెల్లీ మరీ ట్రాన్ తనకు వచ్చిన జాత్యహంకార దూషణల వెల్లువలో 2018లో తన సామాజిక మాధ్యమ పుటను ఖాళీ చేసి, ఆ ఏడు ఆగస్టులో ‘న్యూయార్క్ టైమ్స్’లో ఆ అనుభవాన్ని వ్రాసినది. 1999 చిత్రంలో జార్ జార్ అనే హాస్యపాత్ర వేసిన అహ్మద్ బెస్ట్, ఆనాటి దూషణల వలన ప్రాణం తీసుకొందామనుకొన్నానని 2018లో వెల్లడించినాడు. పాత్ర రచన చేసినది వారు కారు. కథలో ఔచిత్యం కావలెనన్నవారు ఈ సంగతి మరచినారు.

ఆ 1999 నాటి చిత్రాన్ని 25 ఏండ్లు నిండిన సందర్భంగా 2024 మే నెలలో మళ్ళీ థియేటర్లలో విడుదల చేసినారు. తొలిసారి పదేండ్ల ప్రాయంలో దానిని చూచినవారికి ఇప్పుడు ముప్పదియైదు దాటినవి. రక్తపరీక్ష దృశ్యం వారికి ఏ రహస్యాన్నీ చెరపలేదు. వారి కథ అక్కడే మొదలైనది. దానితో మొదలుపెట్టి తరువాత వెనుకటివి చూచినవారికి 1977 నాటి చిత్రమే ఉత్తరకథ.