రోబో పోటీ: ఖర్చుల లెక్క

1992వ సంవత్సరమున అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రమున, ఒక ఉన్నత పాఠశాల వ్యాయామశాలలో 28 జట్ల విద్యార్థులు తాము కట్టిన యంత్రములతో పోటీకి దిగిరి. డీన్ కామెన్ 1989లో స్థాపించిన ‘ఫస్ట్’ అను సంస్థ జరిపిన మొదటి పోటీ అది. ఎం.ఐ.టి. ఆచార్యుడు ఉడీ ఫ్లవర్స్ దానికి రూపు దిద్దినవారిలో ముఖ్యుడు. నేడు వేలకొలది జట్లు ఇందులో పాల్గొనుచున్నవి. రోబో బంతిని ఎత్తి గూటిలో వేయుట చూచిన పిల్లవానికి తానును జట్టులో చేరవలెనని కోరిక పుట్టును. ఆ సంగతి ఇంట చెప్పగానే తండ్రి అడుగు మొదటి ప్రశ్న, “ఎంత అగును?” అనియే.

పెండ్లికి మంటపము అద్దె ఎట్టిదో, ఈ పోటీకి ప్రవేశరుసుము అట్టిది. అది మొదటి ఖర్చే గాని మొత్తము ఖర్చు కాదు. 2019లో ఉన్నత పాఠశాలల పెద్ద పోటీకి పాత జట్లు 5,000 డాలర్లు, కొత్త జట్లు 6,000 డాలర్లు చెల్లించినవి. కొత్తవారికి రోబోను నడుపు కంప్యూటరు మొదలగు సామగ్రి కూడ ఇచ్చిరి గనుక వారి రుసుము హెచ్చుగా ఉండెను. రెండవ ప్రాంతీయ పోటీకి మరి 4,000, ప్రపంచ పోటీకి అర్హత వచ్చినచో 5,000. అనగా గెలిచిన కొలది ఖర్చు పెరుగును! ఈ రుసుము జట్టుకే గాని విద్యార్థుల సంఖ్యను బట్టి కాదు. కొత్త జట్టులో 40 మంది ఉన్నచో తలకు 150 డాలర్లు. 10 మందే ఉన్నచో 600. చిన్న ఊరి బడికి ఇచ్చటనే మొదటి దెబ్బ.

ఇక రోబో సంగతి. ఆ యేటి నియమము ప్రకారము రోబోపై ఉన్న వస్తువుల మొత్తము వెల 5,500 డాలర్లు, ఏ ఒక్క వస్తువు వెలయైనను 500 డాలర్లు మించరాదు. రోబోపై కానరాని ఖర్చులు ఈ లెక్కలోనికి రావు. బ్యాటరీనే చూడుడు. 12 వోల్టుల సీసపు బ్యాటరీ, సామర్థ్యము సుమారు 18 ఆంపియర్-గంటలు. ఒక్క ఆట రెండున్నర నిమిషములే. మోటారులు సగటున 100 ఆంపియర్ల ప్రవాహమును తీసుకొన్నవనుకొందము. 150 సెకండ్లలో ఖర్చగునది నాలుగు ఆంపియర్-గంటల పైచిలుకు. దానిని 6 ఆంపియర్ల వేగమున తిరిగి నింపుటకు నలువది నిమిషములు పట్టును. నష్టములు కలుపుకొన్నచో ఇంకను ఎక్కువ. తుది పోటీలలో ఆటకు ఆటకు అంత వ్యవధి దొరకదు. అందుచేత ఒక రోబోకు ఒక బ్యాటరీ చాలదు, నాలుగైదు కావలెను. వాటికి తగిన ఛార్జర్లును కావలెను.

సమానత్వము కొరకు పెట్టిన నియమమే ఒక్కొక్కప్పుడు ఖర్చును పెంచుట విచిత్రము. నిర్మాణమునకు ఆరు వారములు మాత్రమే గడువు ఉండెడిది. గడువు ముగియగానే రోబోను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంఖ్య గల ముద్రతో మూసివేయవలెను. అందరికి సమానకాలము దొరకునని ఉద్దేశము. కాని ధనము గల జట్లు రెండు రోబోలను కట్టసాగినవి. ఒకటి సంచిలో ఉండగా, దాని కవలతో వారములకొలది అభ్యాసము చేసెడివారు. మోటారులు, వాటి నియంత్రకములు అన్నియు రెండింతలు! కవల పోటీకి రాదు గనుక 5,500 పరిమితి దానిని అంటదు. ఒక్క రోబోకే చందాలు పోగుచేసుకొన్న బడి పిల్లలు సంచివైపు చూచుచు కూర్చుండిరి. తుదకు 2020 నుండి ఈ మూసివేతను ఎత్తివేసిరి. గంటలు లెక్కించుట సులభము. ఆ గంటలలో ఎవరి చేత ఏమున్నదో ఏ ముద్రయు లెక్కింపలేదు.

మిషిగన్ రాష్ట్రము వేరొక త్రోవ త్రొక్కెను. 2009లో అచ్చట పోటీలను జిల్లాల పద్ధతికి మార్చి, ఒకే రుసుముతో ప్రతి జట్టుకు రెండు పోటీలు దక్కునట్లు చేసిరి. చిన్న మందిరములు, దగ్గరి ఊళ్లు గనుక బస ఖర్చు కూడ తగ్గెను. దూరప్రయాణములు చేయు జట్లలో కుటుంబములకు బరువుగా తోచునది తరచు రోబో కాదు, హోటలు గదియే.

మన దేశములో 2016లో ఏర్పడిన అటల్ ఇన్నొవేషన్ మిషన్ ద్వారా, ఎంపికైన పాఠశాలలకు అటల్ టింకరింగ్ ప్రయోగశాల నిమిత్తము 20 లక్షల రూపాయల వరకు సాయము మంజూరు చేయు ఏర్పాటు కలదు. అందులో 10 లక్షలు స్థాపనకు, మిగిలిన 10 లక్షలు ఐదేండ్ల నిర్వహణకు. అనగా యేటికి రెండు లక్షలు. ఈ రెండవ భాగమును తక్కువగా చూడరాదు. వేసవి సెలవులలో ఛార్జి లేక బీరువాలో పడియున్న సీసపు బ్యాటరీ పలకలపై లెడ్ సల్ఫేటు స్ఫటికములు పేరుకొని గట్టిపడును. జూన్‌లో ఉపాధ్యాయుడు మీట నొక్కినప్పుడు మోటారు కదలకపోవచ్చును. తప్పు మోటారుది కాదు.