రక్తవర్గములు - తల్లిపై నింద



చోడవరము చెంతనున్న గోవాడ చక్కెర కర్మాగారమువలన పేరుగన్న గ్రామము. ఆ ప్రాంతపు స్త్రీలకు చెఱకు నాటుట క్రొత్తగాదు. గడను నఱికి ముచ్చెలు పాతినచో మొలచునది తల్లిగడ వంటిదే యగును. మనుష్యసంతానము నట్లే యుండవలెనని తలచినచో మాత్రము సంసారములో చిచ్చు పుట్టును.

తండ్రి రక్తము 'ఏ' వర్గము, తల్లిది 'బీ'. ఆసుపత్రి చీటిలో బిడ్డది 'ఓ' యని యున్నది. "ఇది యెవరి పోలిక?" అని అత్తగా రొక్కమాట యన్నచో చాలును, బాలింతకు కన్నీ రాగదు. ఆ ప్రశ్నకు శాస్త్రమే ప్రత్యుత్తర మిచ్చుచున్నది, వినుడు.

మనుష్యుల రక్తములో వర్గభేదము లున్నవని 1901లో వియన్నా నగరమున కార్ల్ లాండ్‌స్టైనర్ వెల్లడించెను. 1930లో నాయనకు నోబెల్ బహుమానము లభించినది. అవి తరతరములకు సంక్రమించు విధమును 1924లో ఫెలిక్స్ బెర్న్‌స్టీన్ అను గణితవేత్త తేల్చెను. ప్రతివారిలోను వీనికి సంబంధించిన జన్యువులు రెండుండును: తల్లి యిచ్చిన దొకటి, తండ్రి యిచ్చిన దొకటి. ఏ, బీ బలముగలవి. ఓ వాని చాటున మఱుగుపడి యుండును. కావున 'ఏ' తండ్రిలోను, 'బీ' తల్లిలోను ఓ దాగియుండవచ్చును. ఇరువురును ఆ దాగినదానినే యిచ్చిరా, బిడ్డ 'ఓ' యగును. అట్టి దంపతులకు ప్రతి కాన్పునందును ఏ, బీ, ఏబీ, ఓ నాలుగును సమానముగా సాధ్యములే. ఇందు నిందకు తావెక్కడ?

"తలిదండ్రు లిరువురును 'ఓ' యై, బిడ్డ 'ఏ' యైనచో?" అని యడుగుదురేమో. అది మిక్కిలి యరుదు. కాని యసాధ్యము గాదు. 1952లో వై. ఎం. భెండే మొదలగు వైద్యులు బొంబాయిలో నొక వింత రక్తమును గూర్చి ప్రకటించిరి. దానికి 'బొంబాయి వర్గ'మని పేరు. హెచ్ అను మూలపదార్థము లేనందున నట్టివారి రక్తకణములపై ఏ, బీ గుర్తు లేర్పడవు. సాధారణ పరీక్షలో నది 'ఓ' వలెనే కనబడును. అయినను లోనున్న ఏ, బీ జన్యువులు బిడ్డలకు సంక్రమింపగలవు. అట్టివారికి మామూలు 'ఓ' రక్త మెక్కించుట ప్రాణాపాయము. ఈ లోపము తల్లివైపునుండియు, తండ్రివైపునుండియు వచ్చిననే బయటపడును. కావున మేనరికములు వాడుకగా నున్న కుటుంబములవారు దీనిని మఱవరాదు.

అక్షరములు కలియలేదని బెంగపడువారు నిజముగా జాగ్రత్తపడవలసిన భేదమును విస్మరింతురు. తల్లిది ఆర్‌హెచ్ నెగటివ్ అయి, బిడ్డకు తండ్రినుండి పాజిటివ్ సంక్రమించినచో, కాన్పువేళ బిడ్డ రక్తము కొంత తల్లి రక్తమున కలియవచ్చును. అప్పుడు తల్లి శరీరము దానికి విరోధపదార్థములను కల్పించుకొని, తరువాతి గర్భమునకు హాని చేయవచ్చును. గర్భము నిలిచినట్లు తెలియగానే రక్తపరీక్ష చేయించుకొని, వైద్యులు చెప్పిన సమయమున యాంటీ-డి సూది వేయించుకొన్నచో నీ కీడు చాలవఱకు తప్పును.

ఆసుపత్రి చీటి బిడ్డ ప్రాణమును, తల్లి ప్రాణమును కాపాడుటకై వ్రాసినది. దానినిబట్టి కోడలి శీలమును తూచుట తగదు. సందేహము గలిగిన అత్తగారు వీధి యరుగుపై నోరు విప్పకముందే వైద్యుల నడిగి తెలిసికొనుట గృహమునకు క్షేమము.