పాత సైకిల్‌కు కొత్త ఫ్రేమ్... ముందు మీ కొలత!

ఔటర్ పక్కన 2023లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ ఒక కొస కొల్లూరు. కిష్టారెడ్డిపేట వాళ్లకు దూరమేం కాదు. అక్కడ తొక్కుదామని మూలనున్న సైకిల్ బయటికి తీశారా? ముందు ఫ్రేమ్ అతుకుల దగ్గర గుడ్డతో తుడిచి చూడండి. వెంట్రుకంత చీలిక ఉన్నా తొక్కొద్దు. స్టీలైతే మంచి వెల్డర్ బాగుచేయగలడు. అల్యూమినియం అలా కాదు, వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ లోహం బలహీనపడుతుంది. పటాన్‌చెరులో వెల్డింగ్ షాపులకు కొదవ లేదు కదా అని అక్కడికి పరుగెత్తకండి!

పాత చక్రాలు, పెడళ్లు బాగుంటే ఫ్రేమ్ ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే చవగ్గా వచ్చిందని పెద్దది కొంటే మెడ, నడుము పట్టేస్తాయి, అరచేతులు తిమ్మిరెక్కుతాయి. పాదాలు నేలకానించి నిలబడితే పైకడ్డీకి, మీకు మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి.

ఆ తర్వాతే సామాను సంగతి. 27.2 మిల్లీమీటర్ల సీటు గొట్టం 25.4 రంధ్రంలో దిగదు. వెనక హబ్ 135 అయితే ఫ్రేమ్ సందూ అంతే ఉండాలి. పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం వెడల్పు 68 మిల్లీమీటర్లా, 73నా అన్నదీ చూడాలి. డిస్క్ బ్రేకుంటే అది బిగించే చోటు కూడా. కొలతలు రాసుకుపోవడం కన్నా పాత ఫ్రేమ్‌నే షాపుకు మోసుకెళ్లడం మేలు. బిగింపు కూలీ మాత్రం ముందే అడగండి.