తీరం కనిపించాక మొదలయ్యే కష్టం

తెరచాపల మీద వారాల తరబడి మహాసముద్రం దాటి వచ్చే నౌకకు నడిసంద్రం కన్నా గమ్యం దగ్గరపడిన చివరి రోజులే ఎక్కువ గండం. లోతైన నీటిలో కాస్త దారి తప్పినా గుద్దుకోవడానికి ఏమీ ఉండదు గానీ, ఉష్ణమండల దీవుల చుట్టూ పగడపు దిబ్బలు నీటి మట్టానికి కాస్త కిందే పొంచి ఉంటాయి. హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకునేవారికి గట్లు ఎప్పుడూ కళ్లెదుటే ఉంటాయి కనుక, తీరాన్ని వెతికి పట్టుకునే విద్య అక్కడ అలవడేది కాదు.

తీరం ఎంత దూరం నుంచి కనబడుతుందో దాని ఎత్తును బట్టి ఉంటుంది. మారిషస్ కొండల్లో ఎత్తైనది 828 మీటర్లు. లెక్క ప్రకారం అది 60 నాటికల్ మైళ్ల (నాటికల్ మైలు అంటే 1,852 మీటర్లు) అవతలి నుంచే కనబడాలి, కాని కొండల మీద మబ్బులు కమ్మితే ఆ లెక్క ఎందుకూ కొరగాదు. లక్షద్వీప్ వంటి పల్లపు దీవులైతే పది పన్నెండు మైళ్ల దగ్గరికి వచ్చాక గాని కొబ్బరి తలలైనా కంటబడవు.

సూర్యుడి ఎత్తును కొలిచి అక్షాంశం తెలుసుకోగలిగినా, రేఖాంశానికి నమ్మదగిన గడియారం లేని రోజుల్లో నావికులు మారిషస్ దీవికి బాగా తూర్పునే దాని అక్షాంశం మీదికి చేరి, ఏడాదిలో అధిక భాగం ఆగ్నేయం నుంచి వీచే వ్యాపార పవనాల దన్నుతో పడమరకు సాగిపోయేవారు. దారిలో రోడ్రిగ్స్ దీవి కనబడితే తమ లెక్క సరిచూసుకునేవారు. మారిషస్ రేవు పోర్ట్ లూయిస్ వాయవ్య తీరాన, గాలికి చాటుగా ఉండటం వల్ల నౌక ఉత్తరపు కొసన ఉన్న చిన్న దీవులను చుట్టి రావాలి. చీకటిపడ్డాక చేరితే తెరచాపలు దించి తెల్లవారి పొద్దెక్కేదాకా బయటే కాచుకోవడం ఉత్తమం, ఎందుకంటే పొద్దు బాగా పైకెక్కాకే లోతు నీటి ముదురు నీలానికీ దిబ్బ మీది గోధుమ ఛాయకూ తేడా తెలుస్తుంది.

ప్రపంచాన్ని చుట్టిన భారత నౌకాదళపు 55 అడుగుల నౌక తారిణి 2018 ఏప్రిల్‌లో ఈ రేవుకే వచ్చింది. ఆరుగురు మహిళా సిబ్బందిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య తెలుగువారు. పోర్ట్ లూయిస్ ముందుగా అనుకున్న మజిలీ కాదు, చుక్కాని యంత్రాంగంలో లోపం రావడంతో ఆగవలసి వచ్చింది. చుక్కాని సరిగా పలకని నౌకను ఇరుకు రేవులోకి తేవడం ఎంతటి పనో స్వాగత సభల ఫొటోల్లో కనబడదు. విదేశీ నౌక ఏదైనా ఆరోగ్య, వలస అధికారుల అనుమతి వచ్చేదాకా పసుపు జెండా ఎగరేసి ఉంచుతుంది. దిగాక గట్టి నేల కూడా కొంతసేపు ఊగుతున్నట్టే ఉంటుంది, అలలకు అలవాటుపడిన శరీరం తేరుకోవడానికి సమయం పడుతుంది.

ఈ రేవుకు తెలుగువారి రాక కొత్త కాదు. ఓడల నిర్మాణానికి పేరుపొంది, 1839 తుపానుకు దెబ్బతిన్న గోదావరి ముఖద్వారపు కోరంగి నుంచి 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలను చెరకు తోటల కోసం ఇక్కడికి చేర్చింది. యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించిన, వలస కూలీలు దిగే ఆప్రవాసీ ఘాట్ డిపో నిర్మాణం మొదలైంది 1849లో కనుక, ఆ కోరంగివారు దాని మెట్లు ఎక్కకుండానే దీవిలో అడుగుపెట్టారు.