పాత ల్యాప్‌టాప్‌కి ఏ లినక్స్?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. అవి లేవని, పిల్లల చదువుకి చక్కగా పనికొస్తున్న ల్యాప్‌టాప్‌ను మూలన పడేయనక్కర్లేదు. లినక్స్ వేసుకోవచ్చు. ఏ లినక్స్ అన్న దగ్గరే చాలామంది ఆగిపోతారు.

1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టింది ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ ఒక్కటే. దానికి డెస్క్‌టాప్, బ్రౌజర్, ఇన్‌స్టాలర్ చేర్చి వాడుకునేలా ఇచ్చేదే డిస్ట్రో. ఇవి వందల్లో ఉన్నాయి. కొత్తవాళ్లు స్క్రీన్‌షాట్లు చూసి అందమైనదాన్ని ఎంచుకుంటారు. రంగులు, ఐకాన్లు తర్వాతైనా మార్చుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ ఎక్కడి నుంచి వస్తుంది, అప్‌డేట్లు ఎన్నేళ్లు అందుతాయి అన్నవే అసలు చూడాల్సినవి.

మొదటిసారి వేసుకునేవాళ్లకి నేను లినక్స్ మింట్, అందులోనూ సినమన్ డెస్క్‌టాప్ చెబుతాను. మెనూ, టాస్క్‌బార్ విండోస్ అలవాటున్న చేతికి వెంటనే దొరుకుతాయి. మింట్ 22 వరస ఉబుంటు 24.04 ఆధారంగా తయారైంది, 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ర్యామ్ కనీసం 2 జీబీ చాలంటారు గానీ 4 ఉంటేనే సుఖం. ఉబుంటు డిస్ట్రో కూడా మంచిదే. అయితే అందులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీ రూపంలో వస్తుంది. పాత హార్డ్‌డిస్క్ మీద అది తెరుచుకోవడానికి సమయం పడుతుంది. మింట్ దాన్ని మామూలు ప్యాకేజీగానే ఇస్తుంది.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. విండోస్‌లో ఏదైనా కావాలంటే గూగుల్‌లో వెతికి, దొరికిన సైట్ నుంచి డౌన్‌లోడ్ చేస్తాం. లినక్స్‌లో ముందుగా వదులుకోవాల్సిన అలవాటు ఇదే. ఇక్కడ ప్రతి డిస్ట్రోకీ సొంత రిపాజిటరీ, అంటే సాఫ్ట్‌వేర్ నిల్వ, ఉంటుంది. అందులోని ప్యాకేజీ అసలుదేనా అని డిజిటల్ సంతకంతో సరిచూశాకే సిస్టమ్ దాన్ని తీసుకుంటుంది. అది పనిచేయడానికి ఇంకేవైనా కావాల్సి వస్తే వాటినీ తనే తెచ్చుకుంటుంది. అప్‌డేట్లన్నీ ఒకేచోట వస్తాయి. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి, పేరు వెతికి, ఇన్‌స్టాల్ నొక్కితే చాలు. టెర్మినల్‌లో సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని కొట్టి, పక్కన ప్యాకేజీ పేరు రాసినా జరిగేది అదే పని. రిపాజిటరీలో ఉన్నది మరీ పాతదైతే, అదే మేనేజర్‌లో ఫ్లాట్‌హబ్ అనే మరో నిల్వ నుంచి వచ్చే ఫ్లాట్‌పాక్ చూడండి. దానికి డిస్క్‌లో చోటు ఎక్కువ కావాలి. బయటి సైట్ నుంచి డెబ్ ఫైలు తెచ్చుకోవడం ఆఖరి మార్గం. అదీ తయారుచేసినవాళ్ల సొంత సైట్ నుంచే.

తెలుగుకి ఇబ్బంది లేదు. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ అమరిక వచ్చేస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటుంటే ఐబస్ ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోవాలి.

ట్యాలీతో లెక్కలు రాసేవాళ్లు, అనూ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో డీటీపీ చేసేవాళ్లు మాత్రం ఆ కంప్యూటర్‌ను మార్చకండి. అవి విండోస్ కోసం చేసినవి.

మిగతావాళ్లు ముందు ఫోటోలు, ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి వైఫై, సౌండ్, కెమెరా పనిచేస్తున్నాయో లేదో చూడండి. అన్నీ సరిగా ఉన్నాకే ఇన్‌స్టాల్ నొక్కండి.