క్యాప్సూల్ ఆర్డర్ పెట్టే ముందు డబ్బా వెనక చూశారా?

మా చిన్నాయన రోజూ పొద్దున్నే చంద్రగిరి కోట దాకా నడిచొస్తాడు. "నాకేం రోగంరా" అంటాడు. షుగర్ ఉంది కాబట్టి పోయినేడు రక్తపరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్, అంటే చెడ్డ కొలెస్ట్రాల్, 170 వచ్చింది. డాక్టర్ స్టాటిన్ రాశారు. నెల వేసుకుని ఆపేశాడు. ఫ్యామిలీ గ్రూపులో ఎవరో వెల్లుల్లి క్యాప్సూల్స్ వీడియో పెట్టారు మరి! నేచురల్, సైడ్ ఎఫెక్ట్స్ నిల్ అట. ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టింది ఎవరనుకున్నారు? నేనే.

మూడు నెలలకి ఎల్‌డీఎల్ 174.

అప్పుడు తిప్పి చూశా డబ్బాని. వెనక చిన్న అక్షరాల్లో 'వైద్య అవసరాలకు కాదు' అని ఇంగ్లిష్‌లో ఉంది. మన దేశంలో హెల్త్ సప్లిమెంట్ల మీద ఆ మాట ఉండాలన్నది రూలే. ముందు వైపు మాత్రం పెద్ద గుండె బొమ్మ!

వెల్లుల్లి సంగతి ఇదివరకే పరీక్షించారు. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు 2022లో ఫలితాలు బయటపెట్టారు. కొందరికి 5 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్, కొందరికి ఉత్తుత్తి మాత్ర, మిగతావాళ్లకి ఫిష్ ఆయిల్, దాల్చినచెక్క, వెల్లుల్లి, పసుపు, ప్లాంట్ స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్‌లలో ఏదో ఒకటి, 28 రోజులు ఇచ్చారు. స్టాటిన్‌తో ఎల్‌డీఎల్ సుమారు 38 శాతం తగ్గింది. సప్లిమెంట్లలో ఏదీ ఉత్తుత్తి మాత్రని దాటలేదు. వెల్లుల్లి వాళ్లకైతే కాస్త పెరిగింది కూడా. పులుసులో వెల్లుల్లి వేసుకోండి, ఎవరొద్దన్నారు? మందనుకోకండి, అంతే.

రెడ్ ఈస్ట్ రైస్‌ది ఇంకో తమాషా. అందులో ఉండే మొనకొలిన్ కె, లోవాస్టాటిన్ అనే మందు రెండూ ఒకటే పదార్థం. స్టాటిన్ వద్దని పారిపోయి, డబ్బాకో మోతాదులో ఉండే స్టాటిన్‌నే మింగడమన్నమాట.

మన గుగ్గులు కథ కూడా ఉంది. 1966లో బనారస్ హిందూ యూనివర్సిటీలో సత్యవతి గారు సుశ్రుత సంహిత ఆధారంగా దీని మీద పరిశోధన చేశాక ఆశలు బాగా పెరిగాయి. 2003లో అమెరికాలో 8 వారాలు ఇచ్చి చూస్తే ఎల్‌డీఎల్ తగ్గకపోగా కొంచెం పెరిగింది, కొందరికి దద్దుర్లొచ్చాయి.

అన్నీ దండగేనా? కాదు. ఇసబ్‌గోల్ రోజూ 10 గ్రాముల దాకా, బాగా నీళ్లతో తీసుకుంటే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గొచ్చు. కానీ లెక్కేయండి: 170లో 10 శాతం పోతే 153. షుగర్ లాంటి రిస్కులున్నవాళ్లకి 70 లోపు ఉండాలని 2024లో కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా చెప్పింది. మొదటి పరీక్ష 18 ఏళ్లకే చేయించుకోమంది కూడా. అంటే ఇది చదువుతున్న మీరే!

ఇక ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువుంటే ముందు తగ్గాల్సింది తెల్లన్నం, స్వీట్లు, మందు. ఫిష్ ఆయిల్ వాటిని తగ్గించే మాట నిజమేగానీ, దానికి రోజుకి 4 గ్రాముల ఒమేగా-3 కావాలి. మామూలు క్యాప్సూల్‌లో ఉండేది 300 మిల్లీగ్రాములు. పదమూడు మింగుతారా? ఆ మోతాదు డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే.

చిన్నాయన మళ్లీ డాక్టర్ దగ్గరికెళ్లాడు. స్టాటిన్ మొదలెట్టిన రెండు నెలలకి 96. ఇంకా తగ్గాలని డోసు పెంచారు. నిన్న గ్రూపులో కొత్త క్యాప్సూల్ వీడియో వచ్చింది. నాకు ఫార్వర్డ్ చేసి, వెంటనే ఫోన్ చేశాడు:

"రేయ్, డబ్బా ఎనకాల ఏం రాసుండాదో చూసి చెప్పు."