ఆది జాకెట్టు

నిడదవోలు స్టేషనుకి దగ్గర్లో ఇరవయ్యేడేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. డార్టు పావంగుళం పక్కకి జరిగితే జాకెట్టు ఎలా పాడవుతుందో నాకు తెలుసు. ఒకరోజు స్నానం చేస్తుంటే నా ఎడమ రొమ్ములోనే, చంక వైపు, రాచ ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని సంక్రాంతి కుట్టుపని అయ్యేదాకా ఊరుకున్నాను. మీరు మాత్రం అలా చెయ్యకండి. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు.

మామోగ్రామ్ తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరే. గడ్డ 2.4 సెంటీమీటర్లు. మొదట చూపించుకున్న చోట డాక్టరుగారు ఫైలు మూసేసి, "రొమ్ము తీసెయ్యాలమ్మా, సోమవారం వచ్చి చేరిపోండి" అన్నారు. ఇంకో దారి ఉందన్న మాట ఆయన నోట రాలేదు. ఇంట్లోనూ అదే పాట. "మొత్తం తీయించేసుకో వదినా, పీడా పోద్ది" అంది మా ఆడపడుచు. "ఏభై దాటాక ఇంక దాంతో పనేముందే" అంది మా అక్క. ఇద్దరూ నా మీద ప్రేమతోనే అన్నారు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా అమ్మాయి పట్టుబట్టి రాజమండ్రిలో ఇంకో డాక్టరుకి చూపించింది. ఆవిడ తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. "గడ్డనీ దాని చుట్టూ కాస్త మంచి కండనీ తీసి, తర్వాత కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవడం ఒక పద్ధతి. రొమ్ము మొత్తం తీయడం రెండోది. మీ గడ్డకి ఏది చేయించుకున్నా ఆయుష్షులో తేడా ఉండదమ్మా. రెండు మూడు వారాలు ఆలోచించుకోండి, ఏమీ మించిపోదు."

ఆ మాట ఆవిడ సొంత నమ్మకం కాదు. ఒకప్పుడు అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు దాని కింద ఛాతీ కండరాలు, చంకలో గ్రంథులు కూడా తీసేసేవాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదని డెబ్భై, ఎనభై ఏళ్లపాటు లోకమంతా నమ్మింది. 1973లో ఇటలీలోని మిలాన్‌లో వెరొనేసి, ఆ తర్వాత అమెరికాలో ఫిషర్ ఆ నమ్మకాన్ని పరీక్షకి పెట్టారు. కొందరికి రొమ్ము మొత్తం తీసి, కొందరికి గడ్డ వరకే తీసి ఇరవయ్యేళ్లు కనిపెట్టుకుని ఉన్నారు. 2002లో రెండు లెక్కలూ బయటికొచ్చాయి. బతికినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. మిలాన్‌లో 2 సెంటీమీటర్లు దాటని గడ్డలనే తీసుకున్నారు, ఫిషర్ 4 దాకా తీసుకున్నాడు. నాది 2.4 అని చెప్పాను కదా, ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

అయితే గడ్డ వరకే తీయించుకుంటే కరెంటు తప్పదు. ఫిషర్ చూసినవాళ్లలో కరెంటు పెట్టించుకోనివాళ్లకి నూటికి 39 మందికి అదే రొమ్ములో మళ్లీ వచ్చింది, పెట్టించుకున్నవాళ్లకి 14 మందికి. అందుకని మనలాంటి ఊళ్లవాళ్లు కరెంటు ఎక్కడ పెడతారు, ఎన్ని రోజులు అన్నది ముందే అడగాలి. వెనక అయిదు వారాలు తిరగాల్సి వచ్చేది. ఇప్పుడు చాలామందికి పదిహేను సిట్టింగులతో సరిపెడుతున్నారు. అయిదు రోజుల్లో ముగించే పద్ధతి మీద ఇంగ్లండు పరీక్ష ఫలితాలు 2020లో వచ్చాయి. ఇంకో సంగతి. మొత్తం తీయించుకుంటే కరెంటు బాధ ఉండదని మా ఆడపడుచు అనుకుంది. గడ్డ 5 సెంటీమీటర్లు దాటినా, చంక గ్రంథుల్లోకి బాగా పాకినా, రొమ్ము తీశాక కూడా కరెంటు పెడతారు.

అందరికీ రెండు దారులూ ఉండవు. రొమ్ములో వేర్వేరు చోట్ల గడ్డలున్నా, అదే ఛాతీకి ఇదివరకే కరెంటు పెట్టి ఉన్నా మొత్తం తీయడానికే మొగ్గుతారు. గడ్డ పెద్దదైతే ముందు కీమో ఇచ్చి చిన్నది చేసి, అప్పుడు దాని వరకే తీయొచ్చు. మొత్తం తీసినా పొట్ట కండతోనో వీపు కండతోనో సిలికాన్‌తోనో మళ్లీ రొమ్ము చేసేవాళ్లున్నారు. ఈ విద్య మన దగ్గర లేక కాదు. ఇంగ్లండులో పనిచేసిన సర్జన్ రఘురామ్, క్యాన్సర్ వచ్చిన తల్లి ఉషాలక్ష్మి పేరు మీద 2007లోనే హైదరాబాదు కిమ్స్‌లో రొమ్ము జబ్బులకే ఒక కేంద్రం పెట్టారు.

డాక్టరుగారు ఆలోచించుకోమన్న ఆ రెండు మూడు వారాల్లో నేను చాగల్లులో ఒక వదిన దగ్గరికి వెళ్లాను. మూడేళ్ల క్రితం ఆపరేషనయ్యాక ఆది జాకెట్టు పట్టుకుని నా దగ్గరికొచ్చిన మనిషి. అప్పుడు టేపు పెడితే ఎడమ పక్క చదునుగా, అడ్డంగా కుట్టుగీత. పాత మల్లుగుడ్డతో చిన్న సంచీ కుట్టి దూది కూరాను. ఆవిడ చెయ్యెత్తేసరికి అది పైకి జరిగిపోయింది. బరువు లేదు మరి. ఇంట్లోంచి ఆవాలు తెచ్చి, చిన్న మూట కట్టి దూది కింద పెట్టి, జాకెట్టు లోపల జేబు కుట్టాను. ఆవిడ మళ్లీ చెయ్యెత్తింది, దించింది. సంచీ కదల్లేదు. అద్దంలో అలా చూస్తూ నిలబడిపోయింది.

ఇప్పుడు నా సంగతి చెబితే, "మా అత్తగారు మంచాన ఉన్నారు, రోజూ తిరగడం నా వల్ల కాలేదు. తీయించేసుకున్నాకే కంటినిండా నిద్రపోయాను. ఒక్కనాడూ బాధపడలేదు. అలాగని నన్ను చూసి నువ్వు చేయించుకోకమ్మా, నీ లెక్క వేరు" అంది.

నా లెక్కలో రైలుంది, వెంట రావడానికి అమ్మాయి ఉంది, ఎడమ పక్క తడుముకుంటే నాదే తగలాలన్న కోరిక ఉంది. ఆ కోరిక చెప్పుకోవడానికి మొదట సిగ్గుపడ్డాను. ఏభై దాటితే మాత్రం ఒళ్లు మనది కాకుండా పోతుందా? గడ్డ వరకే తీయించుకున్నాను. చంకలో నీలంరంగు మందు పట్టిన గ్రంథులు మాత్రం తీసి చూశారు, వాటిలో క్యాన్సర్ లేదు. ఆరోగ్యశ్రీగా 2007లో మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్న పథకంలో ఆపరేషనూ కరెంటూ జరిగిపోయాయి. పోయిన కుట్టుకూలి మాత్రం ఎవరూ ఇవ్వరు, ఆ లెక్క కూడా ముందే వేసుకోవాలి.

కరెంటు కోసం పదిహేను రోజులు కొవ్వూరు మీదుగా, గోదావరి దాటి వెళ్లొచ్చాను. పదో రోజుకి చంక కింద చర్మం నల్లగా కమిలింది. ముందు వైపు ముడులతో, హుక్కుల్లేకుండా, వదులుగా నాలుగు జాకెట్లు నాకు నేనే కుట్టుకున్నాను. అన్నీ అయ్యాక నా పాత ఆది జాకెట్టు తీసి తొడుక్కుంటే ఎడమ పక్క వేలెడు వదులొచ్చింది. కుట్టు విప్పి, డార్టు లోపలికి పట్టి, మళ్లీ మిషను మీద వేశాను.